లోకల్ చైన్ సా పార్టులు సరిగ్గా కూర్చోవాలంటే

కొత్త సిలిండర్ పార్సిల్ వచ్చింది, విప్పారు, తళతళలాడుతోంది, పాతదాని పక్కన పెడితే అచ్చం అలాగే ఉంది. దయచేసి దాన్ని వెంటనే మిషన్‌కి బిగించకండి. ముందు ఒక పూట అది బల్ల మీదే ఉండాలి. ఆ పూటలో ఏం చెయ్యాలో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను, ఎందుకంటే ఆ కాస్త టైమ్ మిగుల్చుకోబోయి మొదటి రోజే పిస్టన్ పట్టేసిన మిషన్లు నా దగ్గరికి చాలా వచ్చాయి, మొదట్లో నా సొంత మిషన్ కూడా అలాగే పోయింది.

మా ఒంగోలు వైపు సుబాబుల్, జామాయిల్, సరుగుడు తోటలు ఎక్కువ. కర్ర పేపర్ మిల్లులకి వెళ్తుంది. కటింగ్ ముఠాల దగ్గర కనపడేవి ఎక్కువగా 5200, 5800 అని అమ్మే చైనా మోడళ్లు, కాస్త పెట్టుబడి పెట్టగలిగినవాళ్ల దగ్గర జర్మనీ కంపెనీ స్టిల్ వాళ్ల ఎం.ఎస్. 180, ఎం.ఎస్. 250. కోత మధ్యలో మిషన్ ఆగితే కూలీలు ఖాళీగా కూర్చుంటారు, లోడు కోసం లారీ చూస్తూ ఉంటుంది, ఆ టెన్షన్‌లో కంపెనీ పార్టు వచ్చేదాకా వారం రోజులు ఆగడం ఎవరివల్లా కాదు. చైనా మోడళ్లకైతే బజార్లో దొరికేవన్నీ లోకల్ పార్టులే. కాబట్టి లోకల్ పార్టు వెయ్యడం తప్పని నేను అనను. దాన్ని పూర్తయిన పార్టు అనుకోవడమే తప్పు. ఆకారం అయితే వచ్చింది, చివర్లో చెయ్యాల్సిన చేతిపని మిగిలిపోయింది, ఆ పని మనమే చెయ్యాలి.

ఒక్క నియమం ముందే చెప్పేస్తాను. సరిపోనప్పుడు ఆకురాయి కొత్త పార్టుకే పెట్టాలి, మిషన్ బాడీకి ఎప్పుడూ పెట్టకూడదు. క్రాంక్ కేస్, అంటే సిలిండర్ కింద ఉండే ఇంజన్ పెట్టె, మెత్తటి లోహం, రెండు రుద్దులకే తరుగుతుంది, ఈ రోజు కొన్న వంకర పార్టు కోసం దాన్ని అరగదీస్తే రేపు కంపెనీ పార్టు తెచ్చినా అది కూర్చోదు. పార్టు పాడైతే మళ్లీ కొనుక్కోవచ్చు. బాడీ పాడైతే మిషనే పోయినట్టు.

అసలు ఇది మీ మిషన్ పార్టేనా

సరిపోవడం లేదని తెచ్చే పార్టుల్లో కొన్ని వంకరవి కావు, వేరే మోడల్‌వి. వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే కాలిపర్) లేకుండా ఈ పని మొదలుపెట్టకండి, ప్లాస్టిక్‌ది కాకుండా స్టీలుది కొనండి. చైనా మోడళ్లలో 4500, 5200, 5800 మిషన్లు బయటికి ఒకేలా ఉంటాయి, బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) మాత్రం వరుసగా 43, 45, 45.2 మిల్లీమీటర్లు. 45కీ 45.2కీ తేడా కంటికి ఆనదు. కానీ 45 రింగుని 45.2 బోర్‌లో పెడితే చుట్టుకొలతలో తేడా 0.6 మిల్లీమీటర్ల పైనే వస్తుంది, అదంతా రింగు కొసల మధ్య ఖాళీగా మారి కంప్రెషన్ తినేస్తుంది. స్టిల్‌లో ఎం.ఎస్. 170 బోర్ 37, ఎం.ఎస్. 180 బోర్ 38, ఎం.ఎస్. 250 బోర్ 42.5. ఎం.ఎస్. 170, 180 పిస్టన్లు 8 మిల్లీమీటర్ల పిన్నుతోనూ వస్తాయి, 10 మిల్లీమీటర్ల పిన్నుతోనూ వస్తాయి, కాబట్టి ఆర్డర్ పెట్టేముందు పాత పిన్ను కొలిచి తీరాలి.

చైన్ విషయంలో అయితే వరుసగా మూడు రివిట్లు తీసుకుని, మొదటి రివిట్ మధ్య నుంచి మూడో రివిట్ మధ్యకి కొలిచి రెండుతో భాగించండి, అదే పిచ్. 0.325 అంగుళాల చైన్‌కి ఆ మూడు రివిట్ల దూరం 16.5 మిల్లీమీటర్లు వస్తుంది, ఎం.ఎస్. 180 లాంటి చిన్న మిషన్లకి వేసే సన్నరకం 3/8 చైన్‌కి 18.6 దాకా వస్తుంది. పిచ్ తేడా ఉంటే చైన్ స్ప్రాకెట్ మీద ఎక్కినట్టే ఎక్కి, తిరిగేకొద్దీ పళ్లని కొరికేస్తుంది. దీనికి ఏ రిపేరూ లేదు, తిరిగి ఇచ్చెయ్యడమే.

పాత పార్టు పారెయ్యకండి. ఎంత అరిగినా, పగిలినా సరే, కొత్త పార్టు పూర్తిగా కుదిరేదాకా అదే మన కొలబద్ద. రెండూ పక్కపక్కన పెట్టి బోల్టు రంధ్రాల మధ్య దూరాలు, ముఖాల మందం, ప్రతి చిన్న రంధ్రం ఎక్కడుందో చూసుకోండి. తేడా ఉన్న ప్రతిచోటా మార్కర్‌తో గీత పెట్టండి.

సిలిండర్, పిస్టన్

ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టాలి, డబ్బు పోయేదీ ఇక్కడే.

ముందు కిరోసిన్‌లో బాగా కడగండి. పోత పోసినప్పుడు మిగిలిన ఇసుక రేణువులు, సన్నటి లోహపు పొరలు పక్క దారుల్లో ఇరుక్కుని ఉంటాయి, పెట్రోల్ గాలి కింద నుంచి పైకి వెళ్లే ఆ సన్నటి దారుల్లోకి పాత టూత్ బ్రష్షూ, వంచిన తీగా దూర్చి తియ్యాలి. ఇది చెయ్యకపోతే ఆ రేణువులు మొదటి పది నిమిషాల్లోనే పిస్టన్‌కీ గోడకీ మధ్య చేరతాయి.

ఇప్పుడు వేలు లోపల పెట్టి పోర్టుల (గోడలో గ్యాస్ వచ్చిపోయే కిటికీల్లాంటి రంధ్రాల) అంచుల మీద మెల్లగా తిప్పండి. కత్తిలా తగులుతోందా? కంపెనీ సిలిండర్‌లో ఆ అంచులు కొద్దిగా గుండ్రంగా ఉంటాయి, లోకల్ వాటిలో చాలాసార్లు ఆ పని చెయ్యకుండానే వదిలేస్తారు. రింగు పైకీ కిందికీ నిమిషానికి వేలసార్లు ఆ అంచు మీదుగా వెళ్తుంది, పోర్టు ఉన్నచోట రింగు కొంచెం బయటికి ఉబ్బుతుంది, ఆ ఉబ్బు పదును అంచుకి తగులుకుందంటే రింగు విరిగిపోతుంది. నా మొదటి లోకల్ సిలిండర్ పోయింది ఇలాగే, మధ్యాహ్నం భోజనాల లోపే. విప్పితే రింగు ముక్క సైలెన్సర్ వైపు పోర్టులో ఇరుక్కుని ఉంది, పిస్టన్ పైభాగం అంతా గుంటలు.

దాన్ని సరిచెయ్యడానికి సన్నటి గుండ్రటి పుల్లకి 400 నంబరు వాటర్ పేపర్ చుట్టి, బోర్ లోపలి నుంచి పోర్టులోకి వెళ్లే దిశలోనే రుద్దండి. ఒకటే దిశ. పోర్టులో నుంచి బోర్‌లోకి వెనక్కి లాగితే గోడ మీది పూత పొరలా లేచిపోతుంది, ఆ పూత పోతే సిలిండర్ పోయినట్టే. అంచు అర మిల్లీమీటర్ కంటే ఎక్కువ తియ్యనక్కర్లేదు, వేలికి పదును తగలకుండా ఉంటే చాలు. సైలెన్సర్ పోర్టు, కార్బొరేటర్ పోర్టు, ఈ రెండింటి పైఅంచూ కింది అంచూ ముఖ్యం. అయ్యాక 600 పేపర్‌తో నున్నగా చేసి మళ్లీ కడగండి. టార్చ్ వేసి లోపల చూసినప్పుడు పూత ఎక్కడైనా పొక్కులా ఉన్నా, పెచ్చు ఊడినా, దాన్ని మీరు బాగుచెయ్యలేరు, వెనక్కి పంపించండి. లేత్ షాపులో బైక్ బోర్‌కి చేసినట్టు హోనింగ్ (గోడని రాళ్లతో అరగదీయడం) చేయిస్తానంటే అస్సలు వద్దు, అది ఇనుప బోర్‌కి చేసే పని.

రింగు తీసి ఒంటరిగా సిలిండర్‌లో పెట్టి, పిస్టన్ తలతో ఓ 15 మిల్లీమీటర్లు లోపలికి నెడితే అది వంకర లేకుండా కూర్చుంటుంది. కొసల మధ్య ఖాళీని ఫీలర్ గేజ్‌తో (మందం రాసి ఉన్న సన్నటి స్టీలు రేకుల కట్ట) చూడండి. 45 బోర్‌కి 0.15 నుంచి 0.30 మధ్య ఉంటే బాగుంది. అంతకన్నా తక్కువ ఉంటే వేడెక్కినప్పుడు కొసలు తగులుకుని రింగు పట్టేస్తుంది, సన్నటి ఆకురాయితో ఒక కొసని నిలువుగా, నాలుగు రుద్దులకోసారి కొలుస్తూ తియ్యాలి. 0.60 దాటితే రింగు సైజే తప్పు. రింగు గాడిలో వేలితో తిప్పితే ఎక్కడా ఆగకూడదు, గాడిలో ఉన్న చిన్న పిన్ను రింగు కొసల గుంటలో సరిగ్గా కూర్చోవాలి. ఈ పిన్ను మీద రింగు ఎక్కి ఉండగా సిలిండర్ బలవంతంగా దించితే ఆ క్షణమే రింగు విరుగుతుంది, చప్పుడు కూడా సరిగా వినపడదు.

పిస్టన్ పిన్ను బొటనవేలి ఒత్తిడికి వెళ్లాలి. వెళ్లకపోతే సుత్తి తియ్యకండి, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. చాలాసార్లు అడ్డం వచ్చేది క్లిప్ గాడి అంచున ఉన్న సన్నటి పొరే, బ్లేడు కొసతో గీరి తీసేస్తే సరి. అప్పటికీ బిగుతుగా ఉంటే పిస్టన్‌ని మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి తీసి తుడిచి పిన్ను దూర్చండి, మెత్తగా వెళ్తుంది.

ఇక పిన్ను బయటికి జారకుండా రెండు వైపులా పెట్టే తీగ క్లిప్పులు. లోకల్ కిట్‌లో అన్నీ వాడతాను కానీ క్లిప్పులు వాడను. అవి బలం లేని తీగతో చేసినవై ఉంటాయి, ఒకసారి నొక్కితే మళ్లీ పూర్తిగా తెరుచుకోవు. ఒక షాపులో కొన్న కిట్‌లోని క్లిప్పు మూడో రోజు గాడిలో నుంచి ఊడి సిలిండర్ గోడ నిలువునా చీల్చేసింది, కొత్త కిట్ మొత్తం మళ్లీ కొనాల్సి వచ్చింది. కంపెనీ క్లిప్పులు రెండు విడిగా కొనండి, వాటి ఖర్చు ఒక చైన్ సాన పట్టించినంత కూడా ఉండదు. పెట్టేటప్పుడు క్లిప్పు నోరు పైకి గానీ కిందికి గానీ ఉండాలి, పక్కకి ఉండకూడదు. పెట్టాక స్క్రూడ్రైవర్ కొసతో కదిపితే గాడిలోనే బిగుతుగా తిరగాలి. పిస్టన్ మీద బాణం గుర్తు సైలెన్సర్ వైపుకి.

సిలిండర్ దించాక బోల్టులు నాలుగూ ముందు చేత్తో నాలుగైదు చుట్లు పట్టించి, ఆ తర్వాతే ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే నాలుగోది పట్టదు, అప్పుడు పార్టు వంకర అని అనుకుంటారు. నాలుగూ వదులుగా ఉన్నప్పుడు కూడా ఒకటి పట్టకపోతే, సిలిండర్ కాలికి ఉన్న రంధ్రాన్ని రౌండ్ ఫైల్‌తో కావాల్సిన వైపు అర మిల్లీమీటర్ దాకా సాగదియ్యొచ్చు, కింద మంచి వాషర్ వేసుకోవాలి. అంతకన్నా ఎక్కువ కావాలంటే ఆ సిలిండర్ మీది కాదు.

బిగించాక పిస్టన్ పైకి వచ్చినప్పుడు తలకీ సిలిండర్ కప్పుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడాలి. రేడియో రిపేర్‌కి వాడే సోల్డర్ తీగ, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందంది, ప్లగ్ రంధ్రంలో నుంచి గోడకి తగిలేదాకా పిన్ను ఉన్న వైపుకి దూర్చి, ఫ్లైవీల్ చేత్తో ఒక చుట్టు తిప్పి తియ్యండి. నలిగిన కొసని వెర్నియర్‌తో కొలవండి. 0.5 నుంచి 0.9 మధ్య అయితే బిగించుకోండి. 0.5 కన్నా తక్కువైతే కింద మందం ప్యాకింగ్ వెయ్యాలి, లేకపోతే స్పీడులో పిస్టన్ కప్పుకి తగులుతుంది. ఎం.ఎస్. 180, 250 లాంటి వాటిలో సిలిండర్ కింద కాగితం ప్యాకింగ్ ఉండదు, గమ్‌తోనే అతికించాలి, పెట్రోల్‌కి తట్టుకునే ఇంజన్ గమ్ వాడండి. కిటికీలకి, బాత్‌రూమ్‌లకి పూసే సిలికాన్ పెట్రోల్ తగిలితే జిగురులా ఊడొస్తుంది.

గాలి దొంగతనంగా వెళ్లే చోట్లు

పిస్టన్ పట్టేయడానికి రెండో పెద్ద కారణం ఇది. కార్బొరేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య ఎక్కడైనా సందు ఉంటే గాలి అక్కడి నుంచి అదనంగా వెళ్తుంది. ఆయిల్ వచ్చేది పెట్రోల్‌తోనే కాబట్టి పెట్రోల్ వాటా తగ్గితే ఆయిల్ కూడా తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. మిషన్ మాత్రం ఆ కాసేపూ మామూలుకంటే హుషారుగా అరుస్తుంది. లోకల్ పార్టు వేశాక మిషన్ కొత్తదానికంటే జోరుగా ఉందని ఎవరైనా సంతోషంగా చెబితే నాకు భయం వేస్తుంది.

ఇక్కడ పని సులభమే. పాత అద్దం ముక్కో, బల్ల మీది గాజుపలకో తీసుకోండి. దాని మీద 400 వాటర్ పేపర్ పరిచి రెండు చుక్కలు కిరోసిన్ వెయ్యండి. కార్బొరేటర్ వెనక ఉండే ప్లాస్టిక్ పలక, సైలెన్సర్ ముఖం, కార్బొరేటర్ ముఖం, ఏదైనా సరే, ముందు ఆ ముఖం అంతా మార్కర్‌తో నల్లగా పూసి, పేపర్ మీద 8 అంకె రాసినట్టు తిప్పుతూ ఐదారుసార్లు రుద్ది చూడండి. రంగు పోయినచోటు ఎత్తు, మిగిలినచోటు పల్లం. రంగు అంతటా పోయేదాకా రుద్దండి, చాలు. వేళ్లతో ఒక మూల నొక్కి రుద్దితే ఆ మూలే తరిగి ఇంకో వంకర వస్తుంది, కాబట్టి చెయ్యి మధ్యలో పెట్టండి.

5200, 5800లో కార్బొరేటర్‌లోని పెట్రోల్ పంపు నడిచేది క్రాంక్ కేస్ నుంచి వచ్చే గాలి కొట్టుడుతో. ఆ గాలికి ప్లాస్టిక్ పలకలోనూ ప్యాకింగుల్లోనూ సన్నటి దారి ఉంటుంది. ప్యాకింగ్ తిరగేసి పెట్టినా, లోకల్ ప్యాకింగ్‌లో ఆ రంధ్రం రెండు మిల్లీమీటర్లు పక్కకి పడినా, పెట్రోల్ రాదు. తాడు లాగీ లాగీ భుజం పోతుంది కానీ మిషన్ లేవదు, కార్బొరేటర్ చెడిందని ఇంకొకటి కొంటారు. ప్యాకింగ్‌ని పలక మీద పెట్టి వెలుతురుకి ఎత్తి చూడండి, ప్రతి రంధ్రం పూర్తిగా కనపడాలి. కనపడకపోతే సొంతంగా కోసుకోండి: ఆటో షాపులో ప్యాకింగ్ షీట్ కొని, పార్టు ముఖం మీద పరిచి, చిన్న సుత్తి గుండ్రటి వైపుతో అంచుల వెంట మెల్లగా తట్టుకుంటూ వెళ్తే ఆకారం దానంతట అదే అచ్చు పడుతుంది. ఆ గీత మీద బ్లేడుతో కోసుకోవడమే.

స్టిల్ చిన్న మిషన్లలో ఈ పలక బదులు రబ్బరు గొట్టం ఉంటుంది. లోకల్ రబ్బరు కొంచెం గట్టిగా ఉండి పెదవి లోపలికి మడతపడుతుంది, బయటికి మాత్రం చక్కగా కూర్చున్నట్టే కనపడుతుంది. వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి మెత్తబడ్డాక పెట్టండి, స్క్రూడ్రైవర్‌తో పొడిచి నెట్టకండి. పెట్టాక టార్చ్ వేసి పెదవి చుట్టూరా చూడండి.

అన్నీ బిగించాక పరీక్ష. బీపీ చూసే ముల్లు మీటరూ, దాని గాలి బుడగా ఉంటే చాలు. కార్బొరేటర్ విప్పేసి సిలిండర్ దారికీ, సైలెన్సర్ దారికీ పాత ట్యూబు రబ్బరు ముక్కలు కోసి అడ్డం పెట్టి అవే బోల్టులతో బిగించండి. ప్లగ్ తీసి ఆ రంధ్రానికి రబ్బరు బిరడా పెట్టి, బిరడాలో నుంచి మీటరు గొట్టం దూర్చండి. గాలి దారి విడిగా ఉన్న మోడల్ అయితే దాన్నీ మూసెయ్యాలి. పిస్టన్ కిందికి దించి మెల్లగా మీటరు మీద 300 దాకా ఎక్కించండి. ముల్లు ఒక నిమిషం కదలకుండా నిలబడితే మీ పని బాగుంది. దిగుతుంటే సబ్బు నీళ్లు పూస్తూ వెళ్లండి, బుడగ వచ్చినచోటే సందు. క్రాంక్ షాఫ్ట్ బయటికి వచ్చేచోట ఉండే రబ్బరు సీళ్ల దగ్గర కూడా పూయండి, రెండు వైపులా. పది రూపాయల సబ్బు నీళ్లు చాలా సిలిండర్లని కాపాడాయి.

లోకల్ కార్బొరేటర్ గురించి కొంచెమే చెబుతాను. విప్పితే లోపలి డయాఫ్రమ్ పొరల వరుస మర్చిపోవద్దు: నాలుగు స్క్రూలు ఉన్న వైపు ముందు ప్యాకింగ్, దాని మీద పొర, ఒకే స్క్రూ ఉన్న పంపు వైపు ముందు పొర, దాని మీద ప్యాకింగ్. త్రాటిల్ రాడ్ కంపెనీదానికంటే పొడవుగా ఉంటే ట్రిగ్గర్ వదిలినా పూర్తిగా మూసుకోదు, ఐడిల్‌లోనే చైన్ తిరుగుతుంది. అది ప్రమాదం. రాడ్‌ని కొంచెం వంచి పొడవు తగ్గించి, ట్రిగ్గర్ వదలగానే గాలి దారి మూసే బటర్‌ఫ్లై రేకు టక్కున మూసుకోవడం కంటితో చూశాకే ఫిల్టర్ పెట్టండి.

బార్, చైన్, ఆయిల్

బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ) కొన్నప్పుడు మూడు చూడాలి: బోల్టుల మీద కూర్చునే గాడి వెడల్పు, చైన్ బిగించే పిన్ను దూరే రంధ్రం, ఆయిల్ రంధ్రం. మొదటి రెండూ కుదరకపోతే వెంటనే తెలిసిపోతుంది. మూడోది తెలియదు. మిషన్ నడుస్తుంది, కోస్తుంది, బార్ మాత్రం పొడిగా కాలుతూ నీలం రంగుకి తిరుగుతుంది. కొత్త బార్‌ని మిషన్ మీద పెట్టి, బాడీలో ఆయిల్ వచ్చే గాడి ఎక్కడ ముగుస్తుందో మార్కర్‌తో బార్ మీద గుర్తు పెట్టండి. రంధ్రం ఆ గాడి పరిధిలో పడకపోతే, గాడి మీదికి వచ్చేలా బార్‌కి ఇంకో సన్న రంధ్రం వెయ్యాలి, అది లోపలి చైన్ గాడిలోకి తెరుచుకోవాలి. మామూలు బిట్టు దిగదు, కోబాల్ట్ బిట్టు కావాలి, మెల్లటి స్పీడులో నూనె చుక్కలు వేస్తూ వెయ్యాలి, లేదా లేత్ అతనికి ఇవ్వండి. తర్వాత గాడిలో పడిన రజను మొత్తం ఊదెయ్యండి. మిషన్ స్టార్ట్ చేసి బార్ కొసని ఒక తెల్ల అట్టముక్క వైపు ఓ జానెడు దూరంలో పెట్టి రేజ్ చేస్తే, అట్ట మీద నూనె గీత పడాలి.

చైన్ బార్ గాడిలో పక్కకి ఊగుతోందంటే గేజ్, అంటే గాడిలో దూరే లింకు మందం, తప్పు. 5200 మిషన్ 20 అంగుళాల బార్‌కి మామూలుగా 0.325 పిచ్, 0.058 అంగుళాల గేజ్, 76 లింకుల చైన్ వస్తుంది. 0.050 చైన్ తెచ్చి వేస్తే అది ఆ గాడిలో దూరుతుంది, తిరుగుతుంది, కానీ కోత వంకరగా పోతుంది. కొత్త బార్ పట్టాల అంచుల మీద ముళ్లలాంటి పొర ఉంటే ఫ్లాట్ ఫైల్‌తో ఒకసారి తీసెయ్యండి.

క్లచ్ విప్పేటప్పుడు గుర్తుంచుకోండి, ఈ మిషన్లలో దాని మర ఎడమ మర, గడియారం ముల్లు తిరిగే వైపుకి తిప్పితే ఊడుతుంది. పిస్టన్ ఆపడానికి ప్లగ్ రంధ్రంలో స్టార్టర్ తాడు ముక్క దూర్చండి, కానీ పిస్టన్ సైలెన్సర్ పోర్టుని మూసేసి పైకి వచ్చాకే, లేకపోతే తాడు పోర్టులో ఇరుక్కుంటుంది. ఎం.ఎస్. 180లో ఆయిల్ పంపు తిప్పే తీగ కొస డ్రమ్ము గాడిలో పడాలి. లోకల్ డ్రమ్ములో ఆ గాడి ఇరుకుగా ఉంటే సన్న ఆకురాయితో తీగ మందానికి వెడల్పు చెయ్యండి. డ్రమ్ముని బలవంతంగా నెడితే తీగ వంగిపోయి పంపు తిరగదు.

కాయిల్, ప్లాస్టిక్, మరలు

ప్లగ్‌కి కరెంటు ఇచ్చే కాయిల్‌కీ ఫ్లైవీల్ అయస్కాంతానికీ మధ్య 0.3 మిల్లీమీటర్లు ఉండాలి. ఫీలర్ గేజ్ లేకపోతే ఒక మామూలు విజిటింగ్ కార్డు మధ్యలో పెట్టి బిగించండి. లోకల్ కాయిల్ దగ్గరికి రాకపోయినా, ఫ్లైవీల్‌కి రాసుకుంటున్నా, కాయిల్ రంధ్రాలని రౌండ్ ఫైల్‌తో నిలువుగా సాగదీస్తే సరిపోతుంది. అయస్కాంతానికి అంటుకున్న ఇనుప రజను తుడిచాకే ఫ్లైవీల్ తిప్పండి.

ప్లాస్టిక్ కవర్లు వంకరగా వస్తే వేడినీళ్లలో ముంచి, మిషన్ మీద పెట్టి, చల్లారేదాకా అలాగే పట్టుకోండి. హీట్ గన్, కొవ్వొత్తి వద్దు.

స్క్రూలు మాత్రం జాగ్రత్త. లోకల్ కిట్‌లోవి రెండు మూడు మిల్లీమీటర్లు పొడవుగా ఉంటే రంధ్రం అడుగుకి తగిలి బాడీని పగలగొడతాయి, లేదా పట్టినట్టే పట్టి పార్టు వదులుగా ఉంటుంది. ఒక చీపురు పుల్లని రంధ్రంలో అడుగు తగిలేదాకా దూర్చి, గోటితో గుర్తు పెట్టి, ఆ లోతుకి పార్టు మందం కలిపి స్క్రూతో పోల్చుకోండి. మర పోయిన రంధ్రానికి లావు స్క్రూ కొట్టకండి, ఐదు ఎం.ఎం. హెలికాయిల్ (రంధ్రంలో కూర్చునే స్టీలు తీగ మర) వేయించండి, అది పాత మర కంటే గట్టిగా ఉంటుంది.

వీటికి ఆకురాయి పెట్టకండి

చైన్ బ్రేక్ పట్టీ, దాని స్ప్రింగు, ముందు చేతికి అడ్డంగా ఉండే బ్రేక్ హ్యాండిల్, త్రాటిల్ లాక్, చైన్ తెగితే పట్టుకునే కొక్కెం. బార్ పైకొస దుంగకి తగిలి మిషన్ మొహం మీదికి ఎగిరినప్పుడు మనిషికి మిగిలేది ఈ బ్రేకు ఒక్కటే. డ్రమ్ము బ్రేక్ పట్టీకి రాసుకుంటోందని పట్టీని అరగదీసి నాకు చూపించినవాళ్లు ఉన్నారు. పాత డ్రమ్ము బయటి కొలత, కొత్త డ్రమ్ము బయటి కొలత వెర్నియర్‌తో చూడండి, కొత్తది పెద్దదైతే దాన్ని తిరిగి ఇచ్చెయ్యండి. ఈ నాలుగైదు పార్టులకి మాత్రం అప్పు చేసైనా కంపెనీవే వేయిస్తాను, చైనా మోడల్ అయితే ఏ సర్దుబాటూ లేకుండా సరిగ్గా కూర్చున్నవే తీసుకుంటాను. బిగించాక చైన్ తిరుగుతుండగా బ్రేకు ముందుకి నెట్టి చూడండి, టక్కున ఆగాలి.

మొదటి ట్యాంకు

లీటరు పెట్రోల్‌కి మంచి టూటీ ఆయిల్ 20 మిల్లీలీటర్లు స్టిల్ చెప్పే లెక్క, అది వాళ్ల ఆయిల్‌కి. చైనా మోడళ్లకి నేను 40 వేస్తాను, కొత్త పిస్టన్ వేసినప్పుడు తగ్గించను. ఇప్పుడు బంకుల్లో వస్తున్న పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, చవక రబ్బరు పైపులు దానికి ఉబ్బడమో గట్టిపడడమో చూస్తున్నాను, కాబట్టి పని అయ్యాక ట్యాంకులో పెట్రోల్ ఉంచెయ్యకుండా తీసేసి, కార్బొరేటర్ ఖాళీ అయి మిషన్ ఆగేదాకా నడపండి.

కార్బొరేటర్ మీద పెట్రోల్ ఎంత వెళ్లాలో సర్దే హెచ్ (ఫుల్ రేజ్‌కి), ఎల్ (ఐడిల్‌కి) స్క్రూలు రెండూ మెల్లగా మూసి, ఒక్కో చుట్టు తెరిచి మొదలుపెట్టండి. కర్ర లేకుండా ఫుల్ రేజ్ చేసినప్పుడు గొంతు కొంచెం బొంగురుగా ఉండాలి, దుంగలో దించగానే ఆ బొంగురు పోయి శుభ్రంగా పాడాలి. ఖాళీగా ఉన్నప్పుడే సన్నగా కీచుమని అరుస్తుంటే పెట్రోల్ తక్కువైంది, హెచ్ స్క్రూ కొద్దికొద్దిగా తెరవండి. తెరిచినా ఆ అరుపు తగ్గకపోతే ఎక్కడో సందు ఉంది, వెంటనే ఆపేసి మళ్లీ సబ్బు నీళ్ల దగ్గరికి వెళ్లాలి.

మొదటి ట్యాంకు సన్న కర్ర మీద, ఆపి ఆపి వాడండి. అయిపోయాక పూర్తిగా చల్లారనిచ్చి సిలిండర్ బోల్టులు, సైలెన్సర్ బోల్టులు మళ్లీ ఒకసారి బిగించండి, కొత్త ప్యాకింగ్ నలిగి పావు చుట్టు దాకా వదులు ఇస్తుంది. తర్వాత సైలెన్సర్ విప్పి, టార్చ్ వేసి, తాడు మెల్లగా లాగుతూ పోర్టులో నుంచి పిస్టన్ పక్క గోడ చూడండి. తయారీలో పడిన అడ్డగీతలు ఇంకా కనపడుతూ, నిలువు గీతలు ఒక్కటి కూడా లేకపోతే, సైలెన్సర్‌కి కొత్త ప్యాకింగ్ వేసి బిగించి మిషన్‌ని తోటకి పంపండి.